క్యాన్‌లో తల

ఇది రాసే సమయానికి నా చెవుల వెనక కొబ్బరినూనె ఇంకా వదల్లేదు. రెండుసార్లు తలంటుకున్నాను. కుడి చెవి మీద గీరుకుపోయిన చోట మా ఆవిడ పసుపు అద్దింది. ఆఫీసులో అడిగితే పిల్లి రక్కిందన్నాను. మా ఇంట్లో పిల్లి లేదని ఆఫీసులో అందరికీ తెలుసు.

సంగతి గబగబా చెప్పేస్తాను. మా పాప నాలుగో తరగతి, ఇక్కడే అనంతపురంలో. స్కూలు పేరు వద్దు, ఇంకా ఆరేళ్లు అక్కడే చదవాలి. యాన్యువల్ డేకి వాళ్ల క్లాసు నాటకం వేసింది. అంతరిక్ష కేంద్రంలో ఏడుగురు వ్యోమగాములుంటారు, ఒకరోజు గ్రహాంతరవాసి వచ్చి తలుపు తడతాడు. కథ నాదే. పేరెంట్స్ మీటింగులో నోరు జారి చెప్పేశాను. అక్కడే నా కొంప మునిగింది.

కథలో కిటుకు ఏమిటంటే, 1977లో అమెరికా వాళ్లు వదిలిన రెండు వాయేజర్ నౌకల్లోనూ బంగారు పూత పూసిన రాగి రికార్డులున్నాయి. వాటిలో 55 భాషల్లో పలకరింపులున్నాయి. మన తెలుగూ ఉంది. తెలుగువాళ్ల తరఫున నమస్తే చెప్పి, శుభాకాంక్షలు చెబుతుంది. వాయేజర్-1 ఇప్పటికి 2,400 కోట్ల కిలోమీటర్లు దాటిపోయింది. ఆ రికార్డు ఎవరో విన్నారు, విని తెలుగు నేర్చుకున్నారు, జవాబు చెప్పడానికి వచ్చారు. 2000 నవంబరు నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మనుషులు లేని రోజు లేదు. ఇన్నేళ్లకు మొదటిసారి ఒకడు తలుపు తట్టి "నమస్తే" అంటాడు. తెర పడుతుంది. రాసుకున్నప్పుడు నాకే ఒళ్లు పులకరించింది.

హెడ్ మేడం రెండు నిమిషాలు విని, "ఐడియా సూపర్ సార్. కానీ ఏలియన్ ఇంగ్లీషులో మాట్లాడాలి. మనది ఇంగ్లీష్ మీడియం కదా, చీఫ్ గెస్ట్ వస్తున్నారు" అన్నారు.

అంత దూరం నుంచి వచ్చేవాడు దారిలో స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు చేసుకుని రావాలన్నమాట. వేరే లోకం నుంచి సంకేతం వస్తే నలుగురినీ సంప్రదించకుండా ఎవరూ జవాబివ్వకూడదని 1989లో శాస్త్రవేత్తలు ఒక కట్టుబాటు రాసుకున్నారు. మా స్కూల్లో ఆ నలుగురూ మేడం ఒక్కరే.

సరే, ఇంగ్లీషే అనుకున్నాం. నాటకానికి ముందురోజు ఏలియన్ పిల్లాడికి గవదబిళ్లలు లేచాయి. మేకప్ ఖర్చు మిగిలేది గానీ, వాళ్లమ్మ పంపనంది. రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది, ఎవరైనా ఫాదర్ ముందుకు రాగలరా అని. గ్రూపులో 38 మంది తండ్రులున్నాం. 37 మందికి ఆ క్షణాన నిద్ర పట్టేసింది.

తలకు ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ పెట్టాలని టీచరు ఒక వీడియో పంపింది. మా ఆవిడ గ్యాస్ మీద చాకు కాల్చి క్యాన్ అడుగున గుండ్రంగా కోసింది. పైమూత తీసేశాం, గాలికి. పచ్చ రంగు కొట్టి, రెండు బజ్జీ పుల్లలకు థర్మాకోల్ ఉండలు గుచ్చి కొమ్ములు పెట్టాం. తల సులువుగానే దూరింది. ఆ సులువు చూసే అనుమానం రావాల్సింది. చాకును బయట నుంచి లోపలికి దించింది కాబట్టి, కరిగిన ప్లాస్టిక్ అంచు లోపలి వైపుకు వంగి గట్టిపడింది. లోపలికి పోయేదాన్ని పోనిస్తుంది, బయటికి వచ్చేదాన్ని పట్టుకుంటుంది. కొన్ని ఎలుకల బోన్లు పనిచేసేది ఇలాగే.

చీఫ్ గెస్ట్ గంటన్నర ఆలస్యంగా వచ్చాడు. ఆ గంటన్నరలో అసలు స్పేస్ స్టేషన్ భూమిని ఒక చుట్టు చుట్టేసి ఉంటుంది. ఈయన కారు సప్తగిరి సర్కిల్ దాటలేదు. వచ్చాక, ఈ కాలంలో ఇంగ్లీష్ ఎంత ముఖ్యమో నలభై నిమిషాలు అచ్చ తెలుగులో చెప్పాడు. అంతసేపూ నేను తెర వెనక క్యాన్‌లోనే ఉన్నాను.

నాటకం గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఫ్రిజ్ అట్టపెట్టె తలుపు తోసుకుని వచ్చాను, నా ఇంగ్లీష్ డైలాగు చెప్పాను, జనానికి "బుం బుం బుం" అని వినిపించింది. మా కమాండర్ మైకులో "నాన్నా, గట్టిగా చెప్పు" అంది. హాలంతా చప్పట్లు.

తెర వెనక్కి వచ్చి క్యాన్ పైకి లాగాను. గడ్డం దగ్గర ఆగిపోయింది. తల వంచి లాగాను. చెవులు అడ్డం వచ్చాయి. మనిషి చెవి లోపలికి పోయేటప్పుడు ముడుచుకుంటుంది, వచ్చేటప్పుడు గొడుగులా విచ్చుకుంటుంది. ఈ సంగతి నలభై రెండేళ్లుగా ఆ చెవులు మోస్తున్నా నాకు తెలియదు.

పీఈటీ సార్ వచ్చాడు. ఆయన చేతిలో ఏ సమస్య పడినా ఆటల పోటీ అయిపోతుంది. తను క్యాన్ పట్టుకున్నాడు, ఇద్దరు తండ్రులను నా నడుము పట్టుకోమన్నాడు, విజిల్ ఊదాడు. తాడులాట మొదలైంది. తాడు నా మెడ. ఆ ఇద్దరూ నిన్న రాత్రి నిద్రపోయిన 37 మందిలోని వాళ్లేనని గొంతులను బట్టి గుర్తుపట్టాను. ఒకాయన సబ్బు అన్నాడు, ఒకాయన నెయ్యి అన్నాడు. ఎవరో ముసలాయన "తుమ్మమనండప్పా, వచ్చేస్తాది" అన్నాడు. తుమ్ము రావడానికి క్యాన్ మూతిలోంచి ముక్కుపొడి వేద్దామని ఇంకొకాయన జేబు తడుముకుంటుంటే, ఎవరో పుణ్యాత్ముడు ఆపాడు. భరతనాట్యం వేషంలో వరసగా నిలబడ్డ పిల్లల్లోంచి ఒకమ్మాయి క్యాన్ దగ్గరికొచ్చి, "అంకుల్, మీకు లోపల ఆక్సిజన్ ఎంత ఉంది?" అని అడిగింది. నిజంగా నన్ను ఏలియన్‌గా గౌరవించింది ఆ పిల్ల ఒక్కతే.

ఈలోగా మేకప్ ఆవిడ కొబ్బరినూనె సీసా తెచ్చింది. మెడ దగ్గర రాయమంటే రాయొచ్చు కదా. పీఈటీ సార్ సీసా లాక్కుని, క్యాన్ పైమూతిలోంచి ఒకేసారి గుమ్మరించాడు. నడినెత్తి మీద పడింది, నుదురు దాటింది, కళ్లలోకి వచ్చింది. కళ్లు తుడుచుకుందామంటే చెయ్యి లోపలికి రాదు. 2013లో లూకా పర్మిటానో అనే ఇటలీ వ్యోమగామి స్టేషన్ బయట పని చేస్తుంటే, ఆయన హెల్మెట్‌లోకి దాదాపు లీటరున్నర నీళ్లు చేరాయి. కళ్లు, ముక్కు మునిగినా తడుముకుంటూ తలుపు దాకా వెళ్లి బతికి బయటపడ్డాడు. ఆయనకు లోపలికి రమ్మనేవాళ్లున్నారు. నాకు హెడ్ మేడం ఉన్నారు. "సార్, ఎలాగూ వేషంలోనే ఉన్నారు, గ్రూప్ ఫోటోకు వచ్చేయండి" అన్నారు. వెళ్లాను. చీఫ్ గెస్ట్ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, నూనె అంటిన చెయ్యి తన శాలువాకే తుడుచుకున్నాడు.

మా ఆవిడ పాపను స్కూటీ మీద ఎక్కించుకుని, "కూలర్ రిపేర్ అంగడాయన దగ్గర రేకులు కోసే కత్తెర ఉంటుంది, నువ్వు ఆటోలో రా" అని వెళ్లిపోయింది. నవ్వు ఆపుకోవడానికే అంత తొందరగా వెళ్లిందని నా అనుమానం.

టవర్ క్లాక్ దగ్గర షేర్ ఆటో ఎక్కాను. పక్కన ఒక అవ్వ, ఒళ్లో మూట. రుద్రంపేట బైపాస్‌లో దిగి బస్సు పట్టుకోవాలంట. నన్ను తేరిపార చూసింది. భయమూ లేదు, నవ్వూ లేదు.

"ఏమప్పా, తలకాయకేమైంది?"

"ఇరుక్కుందవ్వా."

"ఇంట్లో కొట్లాడినావా?"

"లేదవ్వా, నాటకం. వేరే గ్రహం నుంచి వచ్చినోడి వేషం."

"ఏ గ్రహం? శనా?"

ఏమనాలో తోచక ఊ అన్నాను. అవ్వ వంగి క్యాన్ మూతి దగ్గర వాసన చూసింది. "అయితే నూనె పోయాల గదప్పా."

"పోసేసినారవ్వా."

"మంచిది" అంది. అవ్వకు లెక్క సరిపోయింది. ఆమె మాట క్యాన్‌లో గంట కొట్టినట్టు ఖంగుమని వినిపిస్తోంది. నా మాట ఆమెకు ఎలా అర్థమైందో తెలియదు గానీ, ఆ రాత్రి నేను మాట్లాడింది పూర్తిగా అర్థం చేసుకున్నది ఆమె ఒక్కతే. అదీ తెలుగులోనే.

తర్వాత మూట విప్పి ఉడకబెట్టిన చెనిక్కాయలు తీసింది. ఒకటి ఒలిచి, "తిను, ఎప్పుడు తిన్నావో ఏమో" అంటూ క్యాన్ మూతిలోంచి జారవిడిచింది. గింజ నెత్తి మీద పడి, నూనెలో జారి, ఎడమ చెవి పక్కన ఆగింది. నోటికీ దానికీ నాలుగంగుళాలు. నాలుక ఎంత చాపినా అందదు. అందలేదని ఆమె ఇంకొకటి వేసింది. బైపాస్ వచ్చేలోగా ఆరు వేసింది. గతుకు వచ్చినప్పుడల్లా అవి తలచుట్టూ తిరిగాయి.

కూలర్ అంగడాయన రెండు నిమిషాల్లో కోసేశాడు. డబ్బులు తీసుకోలేదు, ఫోటో తీసుకున్నాడు.

పొద్దున్నే నీళ్ల క్యాన్ల పిల్లాడు వచ్చి ఖాళీది అడిగాడు. రెండు పచ్చ ముక్కలు చేతిలో పెట్టాను. డిపాజిట్ 150 తిరిగిరాదన్నాడు. సరే అన్నాను. వాడు ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని, అంచుకు అంటుకున్న చెనిక్కాయ గింజను గోరుతో గీకి, నా వైపు చూశాడు.

"అన్నా, దీంట్లో తాళింపు పెట్టినారా?"