వాలుగ దవడ, కోడి మెడ

పొందూరు ఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడ పళ్ళతో దువ్వుతారన్న సంగతి మా శ్రీకాకుళం వైపు చాలామందికి తెలుసు. అలా దువ్విన పత్తితో వడికిన నూలుతోనే ఒక ఈగను కట్టి, దానితో నాగావళిలో వాలుగను పట్టాలన్న ఆలోచన మాత్రం, పదవీ విరమణ చేసిన మూడో వారంలో, నాకొక్కడికే వచ్చింది.

ఈగ అంటే నిజమైన ఈగ కాదు. గేలం కాడ మీద దారం, ఈకలు, ఉన్ని చుట్టి, చేప కంటికి పురుగులాగానో చిన్న చేపలాగానో కనబడేటట్లు తయారుచేసే బూటకపు ఎరను ఫ్లై అంటారు. మాసిడోనియా జాలరులు గేలానికి ఎర్ర ఉన్ని చుట్టి, రెండు కోడి ఈకలు కట్టి చేపలు పట్టేవారని ఈలియన్ అనే రోమన్ రచయిత సుమారు 1,800 ఏళ్ళ క్రితమే రాశాడు. ఉన్నీ కోడీ మా వీధిలోనూ ఉన్నాయి గనుక నాకు ధైర్యం కలిగింది.

వాలుగ పెద్ద చేప కాబట్టి పెద్ద అంకె చూసి 16వ నంబరు గేలాలను తెప్పించాను. పొట్లం విప్పితే నువ్వుగింజకు కొక్కెం మొలిచినట్లున్నాయి. ఈ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ గేలం చిన్నదవుతుందట! మళ్ళీ 2వ నంబరువి తెప్పించుకోవలసి వచ్చింది.

ఈకలకు పక్కింటి వదినగారి పుంజే దిక్కయింది. రాలిన తోక ఈకలు పనికిరావు. మెడ మీది సన్నని, నిగనిగలాడే ఈకలే కావాలి. నూకలు చల్లి మంచి చేసుకుని, నాలుగు ఈకలు లాగాను. ఆనాటి నుంచి అది నన్ను పాత బాకీదారుణ్ణి చూసినట్లు చూస్తోంది.

కట్టడం మొదలుపెట్టాక అసలు కష్టాలు తెలిసివచ్చాయి. నున్నటి ఇనుము మీద ఈకను పెట్టి దారం బిగించిన ప్రతిసారీ, ఆ ఈక దారంతోపాటు గిర్రున తిరిగి గేలం కిందికి పోయి గబ్బిలంలా వేలాడేది. ముందుగా కాడ పొడవునా వట్టి దారాన్ని ఒక వరుస చుట్టి, ఆ గరుకు మీద ఈకను చిటికెతో అదిమి పట్టుకుని బిగించాలని నాలుగో ఈగ నాటికి గ్రహించాను. ఈలోగా పొందూరు నూలు, కట్టే చీరకు ఎంత గొప్పదైనా, నా మోటు చేతికి పుటుక్కున తెగిపోతూ వచ్చింది. దానికి తేనెమైనం రుద్దితే కొంత లొంగింది. కాఫీ తాగడానికి లేచినప్పుడల్లా చుట్టినదంతా విప్పుకుపోతూంటే, మా ఆవిడ బట్టల క్లిప్పొకటి దారానికి వేలాడదీసి ఆ బరువుతో బిగువు నిలిపాను. దండెం మీది చీర గాలికి ఎగిరిపోయిన నేరం కూడా ఆ క్లిప్పు ద్వారా నా మీదికే వచ్చింది.

ఇక అలంకారం దగ్గర నాకు అదుపు తప్పింది. ఇంకొక ఈక, ఇంకొక జరీ పోగు అంటూ ముందుకు జరిగి జరిగి, చివరికి గేలపు తాడు దూర్చే బెజ్జం పక్కన ముడి వేయడానికే చోటు లేకుండా చేశాను. ఆరు ఈగలను ఆ పాపానికే బ్లేడుతో గీకి పారేశాను. ఏడోదానికి తల దగ్గర కాస్త చోటు వదిలి, ముడి వేసి, అది ఊడకుండా మా ఆవిడ గోళ్ళ రంగును ఉదారంగా పూశాను. ఎర్రగా మెరుస్తున్న ఆ ఈగను చూసి నేనే నోరు తెరిచాను కాబట్టి వాలుగ కూడా తెరుస్తుందని నమ్మాను.

మర్నాడు తెల్లవారుజామున నాగావళి ఒడ్డున కూర్చున్నాక, గేలపు తాడు బెజ్జంలో దూరలేదు. ఉమ్మి తడిచేసినా, కళ్ళజోడు మార్చినా దూరలేదు. గోళ్ళ రంగు బెజ్జం నిండా గడ్డకట్టి ఉంది! అది ఆరకముందే ఈక కాడను ఒకసారి అందులో దూర్చి తీస్తే సరిపోయేదని అప్పుడు తట్టింది. పక్కన ఎర్రలు గుచ్చుకుంటున్న ముసలాయన అరగంట నా అవస్థ చూసి, మొలతాడుకున్న పిన్నీసు తీసి ఇచ్చాడు.

“ఏటి బావూ, ఇది సేపకి ఎయ్యడానికా, గుమ్మానికి దిష్టి కట్టడానికా?” అని మర్యాదగానే అడిగాడు.

పిన్నీసుతో బెజ్జం తెరిచి ఈగను విసిరాను. మూడో విసురుకు తాడు బరువుగా లాగింది. ఇష్టదైవాన్ని తలచుకుంటూ నేనూ లాగాను. రెండు మూరల గుర్రపుడెక్క ఒడ్డుకు వచ్చింది. ఈగ మాత్రం తెగి, వాలుగ దవడ దువ్విన నూలుతో సహా, వాలుగలుండే చోటికే చేరింది.

ముసలాయన జాలిపడి ఇచ్చిన రెండు జెల్లలను ఇంటికి తెచ్చాను. మా ఆవిడ వాటిని తోముతూ, “ఇవి మీ ఈగకే పడ్డాయా?” అని అడిగింది. ప్రహరీ మీద కూర్చున్న పుంజు తన బోసి మెడను ఇటు తిప్పి, నా జవాబు కోసం చూసింది.

“పులుసులో చింతపండు కాస్త ఎక్కువ వెయ్యి” అన్నాను.