టెంప్2 తీసేసిన చేతులు

ఈ మధ్య ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో, అంటే కోడ్ ఎవరైనా చూసి మార్పులు పంపగలిగే ప్రాజెక్టులో, నేనొక లైను తీసేశాను. కొత్తగా ఏం రాశావని అడగకండి, రాయడం ఎవరైనా రాస్తారు. ఏ పనీ చేయకుండా ఏళ్ల తరబడి ఒక ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) మొదట్లో దర్జాగా కూర్చున్న వేరియబుల్‌ను, అంటే విలువ దాచుకునే పేరును, లేపేశాను. దాని పేరు టెంప్2. టెంప్1 ఎంత వెతికినా దొరకలేదు. కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ప్రతిసారీ వార్నింగ్ ఇస్తూనే ఉంది కానీ, వార్నింగులు చదివే దురలవాటు మనవాళ్లకు లేదు కాబట్టి అది ఇన్నాళ్లూ బతికిపోయింది.

అంతటితో ఆగితే నేను మామూలు మనిషినే. ఎలాగూ చెయ్యి పెట్టాం కదా అని అదే ఫంక్షన్లో 40 లైన్లలో ట్యాబులు పీకేసి నాలుగేసి స్పేసులు పెట్టాను. ట్యాబంటే 8 అక్షరాల వెడల్పని లైనక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కోడ్ నియమావళి తేల్చి చెబుతుంది. 4 చాలనడం గణితంలో పై (π) విలువను 3 అనడం లాంటిదని వెక్కిరిస్తుంది కూడా. మాది కెర్నెల్ కాదు కాబట్టి ఆ రూలు వర్తించదని నాకు నేనే తీర్పు ఇచ్చుకున్నాను.

మార్పులు చూసి ఒప్పుకునే మెయింటెయినర్ నుంచి జవాబు రావడానికి రెండు రోజులు పట్టింది. ఆయన ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిపూట జీతం లేకుండా ఈ పని చూస్తాడట. ఈలోగా నేను "ఏమైంది?" అని మూడుసార్లే అడిగాను. రెండు పనులు ఒకే కమిట్‌లో (ఒక మెసేజ్‌తో నమోదయ్యే మార్పులో) కలపొద్దన్నాడు, విడదీశాను. మెసేజ్ మొదటి లైను 50 అక్షరాలు దాటొద్దన్నాడు. నాది "ఈ ఫంక్షన్‌కు పూర్వవైభవం తీసుకురావాలన్న సంకల్పంతో" అని మొదలయ్యేది. అదీ కోసేశాను. ఒక్క లైను తీసినందుకు టెస్టులు 40 నిమిషాలు నడిచి, దీనికి ఏ సంబంధమూ లేని టెస్టు ఒకటి ఫెయిలైంది. మళ్లీ నడిపితే పాసైంది. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగితే మళ్లీ ఫెయిలవుతుందేమోనని భయం.

2020 అక్టోబరులో టీషర్టు కోసం కొందరు ప్రాజెక్టు పరిచయ పత్రమైన రీడ్‌మీలో ఒకటి రెండు మాటలు చేర్చి గుట్టలుగా పంపితే, ఓపెన్ సోర్స్‌కు మార్పులు పంపినవాళ్లకు టీషర్టులిచ్చే హాక్టోబర్‌ఫెస్ట్ నిర్వాహకులు మధ్యలోనే రూలు మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేశారు. నేను ఆ బాపతు కాదు. వాళ్లు మాటలు చేర్చారు, నేను తీసేశాను.

మొత్తానికి నా మార్పు మెర్జ్ అయింది, అంటే ప్రాజెక్టులో కలిసింది. ప్రొఫైల్లో "ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్" అని రాసుకున్నాను. ఇంతలో మెయింటెయినర్ ఒక అన్యాయం తలపెట్టాడు. స్పేసుల కమిట్‌ను ఇగ్నోర్ జాబితాలో వేస్తానన్నాడు. కోడ్ మార్పుల చిట్టా రాసే గిట్‌లోకి 2019లో ఈ సౌకర్యం వచ్చిందట. అందులో వేస్తే, ఏ లైను చివరిగా ఎవరు మార్చారో చెప్పే గిట్ బ్లేమ్ ఆ 40 లైన్లకూ నా పేరు కాకుండా, అసలు రాసినవాళ్ల పేర్లే చూపిస్తుంది. చరిత్రను చెరిపేసే కుట్ర ఇది! నాలుగు పేరాల నిరసన రాశాను. పాపం, చదివే ఓపిక లేక ఆ జాబితా మాటే వదిలేశాడు.

మూడు వారాలు గడిచాయి. ఎవరో బగ్ (తప్పు) ఉందని ఫిర్యాదు తెరిచి నన్నే ట్యాగ్ చేశారు. "సర్, ఈ ఫంక్షన్ మొత్తం మీరే రాసినట్టుంది. మైనస్ సంఖ్య ఇస్తే ఎందుకు క్రాష్ అవుతోంది?"

అసలు ఆ ఫంక్షన్ ఏం చేస్తుందో నాకు తెలిస్తే కదా!

ఇగ్నోర్ జాబితాలో నా కమిట్ చేర్చమంటూ నిన్న రాత్రే ప్యాచ్ (కొత్త మార్పు) పంపాను. ఒక్క లైనే. మెసేజ్ కూడా 50 అక్షరాల లోపే ఉంది. పొద్దుట్నించి రెండుసార్లు "ఏమైంది?" అని అడిగాను.