నూరేళ్ల క్యాంపస్‌కి ఒక పేర్ల గోడ

ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు 2026తో నూరేళ్లు. బెజవాడలో మొదలై వాల్తేరు చేరిన ఆ చదువుల తల్లి కథ పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. శతాబ్ది పేరుతో తోరణాలు, భవనాలు, సావనీర్లు ఎలాగూ వస్తాయి. వాటన్నిటికంటే ముందు రావాల్సింది ఒక గోడ. చదువుతూ చనిపోయిన విద్యార్థులు, సర్వీసులో ఉండగా పోయిన అధ్యాపకులు, గుమాస్తాలు, మెస్సులో వండినవాళ్లు, రాత్రంతా గేటు కాసినవాళ్లు, అందరి పేర్లూ ఒకేచోట, ఒకే సైజు అక్షరాల్లో ఉండే గోడ. 1918లో మొదలైన ఉస్మానియాకీ, మిగతా యూనివర్సిటీలకీ ఇదే వర్తిస్తుంది.

ఇప్పుడు మన క్యాంపస్‌లలో జ్ఞాపకం అంటే విగ్రహం. కట్టమంచి, రాధాకృష్ణన్, వి.ఎస్. కృష్ణ వంటి వైస్ ఛాన్సలర్లకు దక్కిన గౌరవం న్యాయమైనదే. మిగిలినవాళ్లకు దక్కేది సంతాప సభ, రెండు నిమిషాల మౌనం, డిపార్ట్‌మెంట్ ముందు ఒక ఫ్లెక్సీ. అదీ వారం తిరిగేలోపు చిరుగుతుంది. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియాలో హత్యకు గురైన జార్జ్ రెడ్డి వర్ధంతైనా, 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పోయిన రోహిత్ వేముల వర్ధంతైనా, ఏటా గుర్తుపెట్టుకుని సభ పెట్టేది విద్యార్థి సంఘాలు. మరి ఏ సంఘంలోనూ లేని పిల్లాడు హాస్టల్లో జ్వరమొచ్చి పోతే? వాడిని తలచుకునే బాధ్యత ఎవరిది? 2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ తీసుకుపోయినవాళ్లను కడసారి చూసే వీలు కూడా లేకపోయింది. వాళ్ల పేర్లు ఎక్కడ చదువుకోవాలి?

అమెరికాలో తెలుగు పిల్లలు ఎందరో చదివే టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ‘సిల్వర్ ట్యాప్స్’ అనే ఆనవాయితీ ఉంది. 1898లో మొదలైంది. చదువుతుండగా ఎవరైనా చనిపోతే, ఆ తర్వాతి నెల మొదటి మంగళవారం రాత్రి పదిన్నరకు దీపాలు ఆర్పేసి వేలమంది చీకట్లో నిలబడతారు. బ్యూగిల్ మూడుసార్లు మోగుతుంది, ఉత్తరానికి, దక్షిణానికి, పడమరకి. తూర్పు వైపు ఊదరు, ఆ విద్యార్థికి ఇక పొద్దు పొడవదు కాబట్టి. చనిపోయినవాడు టాపరా, ఫెయిలయ్యాడా అని ఎవరూ చూడరు.

అమెరికాలోనే మరో యూనివర్సిటీ వర్జీనియా టెక్ ఉదాహరణ ఇంకా పదునైనది. 2007 ఏప్రిల్ 16న కాల్పుల్లో 32 మంది పోయారు. అధికారుల కోసం ఎదురుచూడకుండా విద్యార్థులే మైదానంలో 32 రాళ్లు అర్ధచంద్రాకారంలో పేర్చారు. యూనివర్సిటీ ఆ రూపాన్నే ఉంచి, ఆగస్టుకల్లా ఒక్కొక్కటి 300 పౌండ్ల రాళ్ల మీద పేర్లు చెక్కించింది. తమిళనాడు నుంచి వెళ్లిన ప్రొఫెసర్ జి.వి. లోగనాథన్ రాయికీ, ఫస్టియర్ పిల్లల రాయికీ తేడా లేదు. నా వాదనకు ప్రాణం ఈ సమానత్వమే.

యూనివర్సిటీని శ్మశానం చేస్తారా, ఆత్మహత్యలను గొప్ప చేసినట్టు కాదా అని కొందరు అడుగుతారు. రెండో ప్రశ్న బరువైనది. ఆత్మహత్యల నివారణ కోసం పనిచేసేవాళ్లు చెప్పే జాగ్రత్త ఏమిటంటే, మరణ కారణాన్ని బట్టి స్మరణ మారకూడదు. ఒకరికి పెద్ద స్థూపం, ఇంకొకరికి మౌనం అయితే అక్కడే చేటు. గోడ మీద పేరు, సంవత్సరం తప్ప ఏమీ లేకపోతే ఆ చిక్కే రాదు. హోదా వద్దు, డిగ్రీ వద్దు, ఫోటో వద్దు, కారణం అసలే వద్దు.

ఇక కట్టడం. తప్పులు జరిగేది ఇక్కడే. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ పలక 160 కిలోలు తూగుతుంది. దాని మీద వంద పేర్లు చెక్కాక ఒక్క వత్తు తప్పు పోతే పలకంతా పోయినట్టే. అందుకని ఒక్కో పేరుకి ఒక్కో రాతి పట్టీ ఉండాలి. 450 మిల్లీమీటర్ల పొడవు, 75 ఎత్తు, 20 మందం చాలు. రెండు కిలోలు కూడా ఉండదు, రెండు స్క్రూలతో నిలుస్తుంది. పేర్లు తేదీ వరసలో ఉండాలి. ఆలస్యంగా దొరికిన పేరును మధ్యలో చేర్చాలంటే పట్టీలు జరిపితే సరి.

చీమకుర్తి గెలాక్సీ రాయి చూడ్డానికి బాగుంటుంది కానీ దాని బంగారు చుక్కల్లో అక్షరం కలిసిపోతుంది. చుక్కల్లేని నల్లరాయి తీసుకోవాలి. కడప బండ పొరలు లేస్తుంది. లేజర్ చెక్కుడు పైపైనే ఉంటుంది. స్టెన్సిల్ అంటించి ఇసుకతో కొట్టించే శాండ్‌బ్లాస్టింగ్‌లో రెండు మూడు మిల్లీమీటర్ల లోతు వస్తుంది, చేత్తో తడిమితే పేరు తెలుస్తుంది. ఇక్కడ తెలుగు లిపి సంగతి కాంట్రాక్టరుకు వదలకూడదు. ‘లక్ష్మి’ అనే పేరు చూడండి, ఒకే అక్షరం కింద షకారం, మకారం రెండూ ఒదగాలి. అక్షరం 30 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ వత్తులు పూడిపోయి మచ్చలా మిగులుతాయి. సన్నటి ఫాంటయితే తలకట్టు స్టెన్సిల్‌లోనే తెగిపోతుంది. బంగారు రంగు నింపితే రెండు మూడు ఎండాకాలాల్లో రాలిపోతుంది. నింపకపోవడమే మేలు.

విశాఖ ఉప్పుగాలికి మామూలు ఇనుప బోల్టు తుప్పు పట్టి ఉబ్బి రాయిని పగలగొడుతుంది. 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు అని టెండర్లోనే రాయాలి. మే నెలలో నల్లరాయి చేయి పెట్టనివ్వదు. పేర్లు ఉత్తరం వైపు చూడాలి, పైన కప్పు ఉండాలి. అడ్మినిస్ట్రేటివ్ బిల్డింగ్ ముందు పెడితే ధర్నా జరిగిన ప్రతిసారీ చుట్టూ బారికేడ్లు పడతాయి. లైబ్రరీ నుంచి హాస్టళ్లకు పోయే దారి పక్కన పెట్టండి. ఒక్కొక్కరి పేర మొక్క నాటే ఆలోచన మాత్రం మానండి. నీళ్లు పోసేవాళ్లు లేక మొదటి వేసవిలోనే ఎండిపోయిన మొక్క ఆ తల్లికి రెండో దుఃఖం.

అసలు కష్టం పేర్లు సేకరించడంలో ఉంది. విద్యార్థుల పేర్లు హాస్టల్ రిజిస్టర్లలో, రెగ్యులర్ ఉద్యోగులవి పెన్షన్ సెక్షన్లో దొరుకుతాయి. ఇరవై ఏళ్లు ఊడ్చిన మనిషి పేరు మాత్రం యూనివర్సిటీ కాగితాల్లో కనబడదు. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ బిల్లులో ‘స్వీపర్లు, ఇంతమంది’ అని అంకె మాత్రమే ఉంటుంది. పేరు ఉండేది ఏజెన్సీ కట్టే పీఎఫ్, ఈఎస్ఐ జాబితాల్లో, అదీ కట్టి ఉంటే. ఏజెన్సీ మారితే ఆ జాబితాలూ వెళ్లిపోతాయి.

నన్ను కలచివేసేది ఇదే. పోస్టులు నింపకుండా గెస్ట్ ఫ్యాకల్టీతో, కాంట్రాక్టు లెక్చరర్లతో, ఏజెన్సీ మనుషులతో నడిపిన యూనివర్సిటీలు జీతంతో పాటు మనుషుల్నీ తమ లెక్కలోంచి తీసేశాయి. గంటకింత అని పాఠం చెప్పి, వేసవిలో జీతం లేక, ఆ వేసవిలోనే పోయిన మాస్టారు రూలు ప్రకారం ఎవరి ఉద్యోగి? గోడ కట్టడానికి కూర్చున్న రోజు ఈ ప్రశ్న తప్పించుకోవడం కుదరదు. ఎవరి పేరు చెక్కాలో తేల్చాలంటే ఎవరు మనవాళ్లో తేల్చాలి.

అందుకే రాయికి ఆర్డరు ఇచ్చే ముందు పాలకమండలి ఒక తీర్మానం చేయాలి. జీతం ఎవరి చేతి మీదుగా వచ్చినా, క్యాంపస్‌లో ఆరు నెలలు పనిచేసిన ప్రతి ఒక్కరూ యూనివర్సిటీ మనుషులేనని అందులో రాసుకోవాలి. పేరు ఎలా రాయాలో, ఇంటిపేరు ఉండాలో వద్దో కుటుంబం సంతకంతో చెప్పాలి. వచ్చే ఏజెన్సీ టెండర్లో, పనివాళ్ల పేర్ల జాబితా ప్రతి మూడు నెలలకు రిజిస్ట్రార్‌కి ఇవ్వాలనే షరతు చేర్చాలి. ఆ షరతుకు పైసా ఖర్చు లేదు. దాన్ని ఈ ఏడాదే చేర్చవచ్చు.