కౌంట్ బాగానే ఉంది, మరి రక్తం ఎందుకు ఆగట్లేదు?

వానాకాలం వస్తే కర్నూలు, అనంతపురం, కడప ల్యాబుల దగ్గర అందరి నోటా ఒకటే మాట: ‘ప్లేట్‌లెట్స్ ఎన్ని ఉన్నాయి?’ డెంగీ భయం ఈ లెక్కను ఇంటింటికీ నేర్పింది. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉంటే ఊపిరి పీల్చుకుంటాం. కానీ ఆ అంకె కూలీల హాజరు పట్టీ లాంటిది. ఎంతమంది వచ్చారో చెబుతుంది, పని చేస్తున్నారో లేదో చెప్పదు.

గాయమైన చోట గుంపుకట్టి రక్తాన్ని ఆపేవి ప్లేట్‌లెట్లు. లెక్క సరిగ్గా ఉన్నా అవి పనిచేయని జబ్బులున్నాయి. 1918లో స్విట్జర్లాండ్‌కు చెందిన పిల్లల డాక్టర్ గ్లాంజ్‌మన్ వర్ణించిన త్రాంబాస్థీనియా వాటిలో ఒకటి. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోవడానికి కావలసిన ప్రోటీన్ ఈ జబ్బున్నవాళ్లలో ఉండదు, ఉన్నా పనిచేయదు. పాలపన్ను ఊడినా, ముక్కు చీదినా రక్తం ఓ పట్టాన ఆగదు. ఆడపిల్ల పెద్దమనిషి అయ్యాక ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. తల్లి నుంచి, తండ్రి నుంచి ఇద్దరి దగ్గర నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది. అందుకే ప్రపంచంలో అరుదైనా, దగ్గరి సంబంధాలు చేసుకునే చోట్ల ఎక్కువగా కనిపిస్తుంది. దక్షిణ భారతం అలాంటి ప్రాంతమే. మేనరికాలు ఇంకా సాగుతున్న సీమలో దీన్ని ఎవరికో వచ్చే జబ్బు అనుకోవడం తప్పు.

ప్లేట్‌లెట్ల పనితనాన్ని చూసే ముఖ్యమైన పరీక్ష అగ్రిగోమెట్రీ. 1962లో గుస్తావ్ బార్న్ ఈ పద్ధతిని వివరించాడు. రక్తాన్ని యంత్రంలో పెట్టి మెల్లగా గిరగిరా తిప్పితే ప్లేట్‌లెట్లున్న మసక ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవ భాగం, పైన తేలుతుంది. అందులో ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టే ఏడీపీ, కొల్లాజెన్ లాంటివి కలిపితే ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి, ద్రవం తేటపడుతుంది, దాని గుండా వెలుతురు ఎక్కువగా దాటుతుంది. యంత్రం కొలిచేది ఆ వెలుతురునే. గ్లాంజ్‌మన్ జబ్బులో వీటికి ద్రవం తేటపడదు, రిస్టోసెటిన్ అనే మరో రసాయనం కలిపితే మాత్రం స్పందన కనిపిస్తుంది. బెర్నార్డ్-సూలియర్ అనే మరో జబ్బులో సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ పరీక్షకు తాజా రక్తం కావాలి. తీసిన నాలుగు గంటల్లోపు పని ముగించాలి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, కుదుపులు తగలకూడదు. థైరాయిడ్ శాంపిల్ పంపినట్టు రాత్రి బస్సులో పంపితే కుదరదు. కర్నూలు నుంచి హైదరాబాద్, అనంతపురం నుంచి బెంగళూరు, రెండూ రెండొందల కిలోమీటర్ల పైమాటే. దగ్గర్లో ఈ సదుపాయం లేకపోతే ఆదోని, ఆలూరు వైపు కూలి కుటుంబం పని మానుకుని, బిడ్డను వెంటబెట్టుకుని అంత దూరం వెళ్లాలి. తీరా వెళ్లాక, ‘ఈ వారంలో ఆస్పిరిన్ గానీ నొప్పి మాత్రలు గానీ వాడారా?’ అని అడుగుతారు. ప్లేట్‌లెట్ల పనిని ఆస్పిరిన్ అడ్డుకుంటుంది, ఆ ప్రభావం ఆ ప్లేట్‌లెట్ బతికినన్నాళ్లూ, అంటే ఏడు నుంచి పది రోజులు ఉంటుంది. వాడామంటే మళ్లీ రమ్మంటారు. ఈ ముక్క చీటీ రాసిచ్చేటప్పుడే చెబితే ఖర్చేమీ లేదు. చెప్పకపోవడం నా దృష్టిలో క్షమించరానిది.

యంత్రం ఖరీదు, రసాయనాలకు గడువుంటుంది, వచ్చే రోగులు కొద్దిమందే అంటారు. నిజమే. అందుకే ప్రతి ఆసుపత్రికీ అడగడం లేదు. సీమ మొత్తానికి ఒక్క ప్రభుత్వ బోధనాసుపత్రిలో, వారంలో నిర్ణయించిన రోజున, శిక్షణ పొందిన టెక్నీషియన్‌తో ఉచితంగా జరిగితే చాలు.

అంతవరకు చేతిలో ఉన్నవైనా చేయాలి. వేలి నుంచి నేరుగా తీసిన చుక్కను గాజు పలక మీద పలుచగా పూసి (స్మియర్) మైక్రోస్కోప్ కింద చూస్తే, ప్లేట్‌లెట్లు గుంపులు కట్టకుండా విడివిడిగా ఉండటమే ఒక హెచ్చరిక. గాజు గొట్టంలో గడ్డకట్టిన రక్తం కుంచించుకోకపోవడం ఇంకొకటి. ఏ జిల్లా ల్యాబ్‌లోనైనా ఇవి చేయొచ్చు. ఆపరేషన్‌కు ముందు బీటీ, సీటీ (రక్తం ఆగే సమయం, గడ్డకట్టే సమయం చూసే పరీక్షలు) రాసి ఊరుకోవడం కన్నా, ఇంట్లో ఎవరికైనా రక్తం ఆగని బాధ ఉందా, పెద్దవాళ్లది మేనరికమా అని నాలుగు ప్రశ్నలు అడగడం మేలు.

జబ్బు ఏదో తేలితే బిడ్డ చేతికి ఒక కార్డు ఇవ్వొచ్చు. ఒంటి నొప్పులకు ఊళ్లో, ప్లేట్‌లెట్ల పనిని అడ్డుకునే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేసేవాళ్లకు అది చూపించొచ్చు. పన్ను పీకే ముందు, నెలసరి ఎక్కువైనప్పుడు రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు ఎలా వాడాలో డాక్టర్ ముందే తల్లికి చెప్పి పంపొచ్చు.