అందరికీ 54

ఒడిశాలోని పర్లాకిమిడి ప్లస్‌టూ పిల్లల సుఖదుఃఖాలు ఇకమీదట అణాపైసలతో సహా తేలిపోతాయి. శనివారం ఆఖరి పీరియడ్లో మానసిక క్షేమం కొలుస్తామని ఒక కాగితం చేతికిస్తారు: ఇరవై నిమిషాలు, పద్దెనిమిది వాక్యాలు, చివర ఒక కూడిక. అంతే.

కాగితం మంచిదే, దాన్ననకూడదు. ‘నీడ్ ఫర్ కాగ్నిషన్’ అనే ఈ కొలతని కాసియోప్పో, పెట్టీ అనే అమెరికా మనస్తత్వవేత్తలు 1982లో 34 వాక్యాలతో తయారుచేసి, 1984లో కావోని కలుపుకుని 18కి కుదించారు. బుర్రకి పని పెట్టడమంటే ఎంత ఇష్టమో చూస్తుంది. తెలివి సంగతి దానికక్కర్లేదు. ఒక్కో వాక్యానికి 1 (అస్సలు ఒప్పుకోను) నుంచి 5 (పూర్తిగా ఒప్పుకుంటాను) దాకా వేసుకోవాలి. అయితే అందులో తొమ్మిది తిరగేసి రాసినవి: ‘తప్పనిసరైతేనే ఆలోచిస్తాను’ లాంటివి. వాటికి పడిన అంకెని 6లోంచి తీసేశాకే కలపాలి. రెండో తరగతి తీసివేత.

ఆ తీసివేత మన సార్లకి బరువైంది. ఎక్సెల్లో మొత్తం కలిపేశారు. ఇక చూడండి వేడుక.

ఆలోచనంటే ప్రాణమిచ్చే పిల్లకి సూటి వాక్యాలకి 45, తిరగేసినవాటికి 9, కలిపి 54. ఆలోచనంటే ఆమడ దూరం పరిగెత్తేవాడికి 9, 45 కలిపి 54. అన్నిటికీ 3 వేసి నిద్రపోయినవాడికీ 54. ‘మా పిల్లలందరిదీ సమతుల్య మనస్సు’ అని రిపోర్టు. మరి ఫస్టెవరు? ఒక్క ముక్క చదవకుండా 5ల వరస మీద పెన్ను పైనుంచి కిందికి లాగేసినవాడు: 90! తీసివేత చేసుంటే వాడిదీ 54 కావలసింది. ఇప్పుడు వాడు చింతనారత్న. బస్టాండు దగ్గర తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి ఫ్లెక్సీ పడుతుంది. శాలువా కప్పి, మైకిచ్చి, ‘ఎలా సాధించావు నాయనా’ అంటారు. ‘పెన్ను బాగా నడిచిందండి’ అంటాడు. చప్పట్లు.

ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కాగితం మాత్రం ఇంగ్లీషు. ‘ఆలోచించడం నాకు సరదా కాదు’ అన్నదానికి ‘ఒప్పుకోను’ అంటే సరదా ఉన్నట్టా లేనట్టా? పెద్దలే తడబడతారు. పిల్లలకి తెలిసిన మాటల్లో చదువు చెప్పండని గిడుగు రామమూర్తి గొంతు చించుకున్నది ఈ ఊళ్లోనే.

ఫిజిక్స్‌లో నాలుగుసార్లు ‘ఎందుకు?’ అన్న పిల్ల పేరు పక్కన మాత్రం ‘అతిగా ఆలోచిస్తోంది’ అని రాసి కౌన్సిలింగుకి పంపారు. ఒకే బెంగని రాత్రంతా నెమరేసి కుమిలిపోవడం వేరు, లెక్కతో కుస్తీపట్టి సంబరపడడం వేరు. ఆ తేడా తెలియనివాళ్లకి పిల్లల మనసుతో ఏం పని? మానసిక క్షేమానికి అమెరికా మనస్తత్వవేత్త కరోల్ రిఫ్ 1989లో చెప్పిన ఆరు కొలతల్లో సొంతంగా నిర్ణయించుకోవడం ఒకటి, ఎదుగుదల ఒకటి. ఆ పిల్ల అడిగింది ఆ రెండే. వారంలో ఆరు రోజులు ఎంట్రన్సు తయారీ అని 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు పెట్టి, ఒక్క క్షణం ఆగితే ‘టైం వేస్టు’ అని కసిరి, శనివారం సాయంత్రం ‘ఆలోచనంటే నీకిష్టమా’ అని కాగితం చాపడానికి సిగ్గుండాలి!

ఆ ఇరవై నిమిషాలూ ఉంచండి. కాగితాలు బీరువాలో పెట్టి, బోర్డు మీద ఒక చిక్కు లెక్క రాసి బయటికి పొండి. సోమవారం దాకా జవాబు చెప్పకండి.