బిస్కెట్ల డబ్బాలో నాలుగు తరాలు

ఒక జబ్బుకు ఒక మాత్ర అనే పాతకాలపు పద్ధతి ఎంత పేదదో మా బాబాయిగారి మందుల డబ్బా చూస్తేగానీ బోధపడదు. ఒకప్పుడు బిస్కెట్లు ఉండిన ఆ రేకు డబ్బాలో ఇప్పుడు ఒక వంశమే కాపురముంటున్నది.

మూలపురుషుడు బీపీకి వేసుకునే అమ్లోడిపిన్, 5 మిల్లీగ్రాములు. రక్తనాళాలను వదులు చేయడం దాని వృత్తి కనుక కొందరికి చీలమండల దగ్గర నీరు దిగుతుంది. బాబాయి సాక్సు విప్పితే దాని అంచు కాలిమీద గాడిలా మిగిలిపోయేది. ఇంత చిన్న సంగతికి బీపీ డాక్టరును విసిగించడం మర్యాద కాదని ఆయన వేరొక డాక్టరును ఆశ్రయించారు. పాత చీటీ చూపిస్తే కొత్తాయనను శంకించినట్టవుతుందని దానిని ఇంట్లోనే వదిలి వెళ్లారు. అలా రెండో తరం, ఒంట్లోని నీటిని మూత్రంగా బయటికి పంపే హైడ్రోక్లోరోథయజైడ్ అనే నీటిమాత్ర, అవతరించింది. అది ఆ వాపును పెద్దగా తీయలేదు గానీ రక్తంలో యూరిక్ ఆమ్లాన్ని మాత్రం శ్రద్ధగా పెంచింది. కొన్నాళ్లకు కాలి బొటనవేలు ఎర్రగా ఉబ్బి, దుప్పటి అంచు తగిలినా కేక పెట్టే స్థితి వచ్చింది.

ఇక మూడో డాక్టరెందుకు? మందుల షాపు కుర్రవాడు డైక్లోఫెనాక్ అనే నొప్పిమాత్రలు ఆరు కత్తిరించి ఇచ్చాడు. పేరూ గడువు తేదీ షాపులోని ముక్కమీదే ఉండిపోయాయి. మా పిన్ని దీనికి ‘పసుపు మాత్ర’ అని నామకరణం చేసింది. దానివల్ల కడుపులో మంట, మంటకు పాంటాప్రజోల్.

మొదటి రోజే డబ్బాను సంచిలో వేసుకొని వెళ్లి, ‘ఈ వాపు మీ మాత్రవల్లనా?’ అని అడిగి ఉంటే డాక్టరు మోతాదు తగ్గించేవారో, మందు మార్చేవారో. అప్పుడు మిగతా మూడింటికి ఉపాధి ఎక్కడిది? మందు వికటిస్తే రోగి స్వయంగా చెప్పుకోవడానికి 2010లో మొదలైన భారత ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలపై నిఘా) కార్యక్రమం వారి టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024 ఉన్నది. బాబాయి ఇటువంటివి పక్కింటాయనకు చెప్పుకుంటారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు.

నొప్పిమాత్రలు ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచి బీపీని పెంచగలవు, నీటిమాత్ర పనికి అడ్డు తగలగలవు, మూత్రపిండాలకూ చేటు చేయగలవు. మొన్న మొదటి డాక్టరు బీపీ చూసి, పసుపు మాత్ర సంగతి ఎవరూ చెప్పనందున, అమ్లోడిపిన్‌ను 10 మిల్లీగ్రాములకు పెంచారు. కాళ్లు కనబడకుండా బాబాయి పంచె కిందికి లాక్కొని కూర్చున్నారు.