బుగాకు ఆహార్యం: అద్దాల పెట్టె ముందు వాదం

వదిన కూచిపూడి నేర్పుతుంది. మరదలిది మ్యూజియంలో పాత వస్త్రాలను బాగుచేసే ఉద్యోగం. వాదం ‘బుగాకు’ బ్యాలే గురించి. 1963లో న్యూయార్క్ సిటీ బ్యాలే దాన్ని ప్రదర్శించింది. నృత్యం కూర్చింది జార్జ్ బాలన్‌షిన్, సంగీతం తోషిరో మయుజుమి, దుస్తులు బార్బరా కరిన్‌స్కా. జపాన్ ఛాయలతో కుట్టిన ఇలాంటి దుస్తులను మ్యూజియం గొప్ప కళగా నిలబెట్టి చూపొచ్చా?

వదిన: చూపొద్దని అనను. గొప్పగా చూపొద్దంటాను. అసలు బుగాకు జపాన్ రాజాస్థానపు నాట్యం. వెయ్యేళ్లకు పైగా నడుస్తోంది. సంప్రదాయంగా మగవాళ్లే చేస్తారు. ఒంటి మీద పొరలు పొరలుగా పట్టు, వెనక నేల మీద జీరాడే పొడవాటి వస్త్రం. ఆ బరువుతో తొందరగా కదలడం కుదరదు, అడుగు నెమ్మదిగానే పడాలి. కరిన్‌స్కా ఆ జీరాడే వస్త్రాన్ని పల్చటి గుడ్డగా మార్చి, కింద పూరేకుల్లాంటి తెల్లటి ట్యూటూ, అంటే బ్యాలే నర్తకులు వేసుకునే పొట్టి గౌను, పెట్టింది. జంట నృత్యానికి వచ్చేసరికి పై వస్త్రం పోయి నర్తకికి మిగిలింది బికినీ లాంటి జత. ఏ బరువు వల్ల ఆ నాట్యానికి గాంభీర్యం వచ్చిందో దాన్నే తీసేశారు.

మరదలు: మీరు కథను సగంలో మొదలుపెట్టారు వదినా. 1959లో జపాన్ రాజభవనం గగాకు, అంటే ఆస్థాన సంగీత నాట్యాల, కళాకారులు న్యూయార్క్ వచ్చి, ఇదే సిటీ బ్యాలేతో కలిసి ప్రదర్శించారు. వాళ్లను పిలిచింది ఆ సంస్థే. సంగీతం రాసిన మయుజుమి జపాన్ వాడు. గగాకు ధ్వనులను పాశ్చాత్య ఆర్కెస్ట్రాకు ఎక్కించింది ఆయనే. అడక్కుండా ఎత్తుకొచ్చారని ఎలా అంటారు?

వదిన: ఎత్తుకొచ్చారని నేనన్నానా? అర్థం చేసుకోలేదంటున్నాను. సెయిగైహా అని ఒక బుగాకు నృత్యం ఉంది. అందులో నర్తకులు కుడి భుజం మీది పై వస్త్రాన్ని జారవిడుస్తారు. అది కూడా నాట్యంలో భాగమే, ఎంతో పద్ధతిగా చేస్తారు. ఈ బ్యాలేలో వస్త్రం తీయడమంటే శోభనం గది అయిపోయింది. మనకూ ఇదే జరిగింది కదమ్మా. 1838లో పుదుచ్చేరి దగ్గరి తిరువేందిపురం నుంచి దేవదాసీలు పారిస్ వెళ్లి ఆడారు. 1877లో రష్యాలోని పీటర్స్‌బర్గ్‌లో నృత్యకర్త పెటిపా ‘లా బయదేర్’ అనే బ్యాలే పెట్టాడు. నాయిక గుడి నర్తకి, నాట్యమంతా బ్యాలే. మనవాళ్ల అడవు ఒక్కటి కూడా అందులో కనబడదు. ఆ బాధ తెలిసే మాట్లాడుతున్నాను.

మరదలు: ఆ బాధ నాకూ ఉంది. కానీ ఇచ్చిపుచ్చుకోవడం లేకుండా బుగాకే లేదు. అందులో రెండు వర్గాలు. ఎర్ర దుస్తుల ఎడమ వర్గం నృత్యాలు చైనా, భారతదేశాల వైపు నుంచి, ఆకుపచ్చ దుస్తుల కుడి వర్గానివి కొరియా వైపు నుంచి వచ్చాయని వాళ్లే చెబుతారు. 752లో జపాన్‌లోని నారాలో, తోదైజీ ఆలయపు మహాబుద్ధుడి విగ్రహానికి నేత్రోన్మీలనం, అంటే కళ్లు తెరిపించే క్రతువు, చేసింది బోధిసేనుడు, మన దేశపు భిక్షువు. ఆ ఉత్సవంలో ఎన్ని దేశాల ఆటలు ఆడారో! మీరు నేర్పే సత్యభామ వేషం కూడా ఒకప్పుడు మగవాళ్లదే. ఇవాళ మీ దగ్గర ఆడపిల్లలే వేస్తున్నారు. దాన్ని తప్పంటారా?

వదిన: అనను. కానీ నా పిల్లలు ఆ అడుగే వేస్తారు, ఆ దరువే పాడతారు. జపాన్ వాళ్లూ తమకు వచ్చినదాన్ని పన్నెండు వందల ఏళ్లు గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఈ బ్యాలే వాళ్లు చూసింది ఎన్నాళ్లు?

మరదలు: సరే, అది ఒప్పుకుంటాను. కరిన్‌స్కా పనితనం మాత్రం తీసేయకండి. మన టైలర్లు క్రాస్ కటింగ్ అంటారే, రవికె పక్క ముక్కలను ఆమె అలా కత్తిరించేది. నర్తకికి ఊపిరి ఆడాలి, నడుం తిరగాలి. అలాంటి కుట్టు వేదిక మీద కనబడదు, పెట్టె ముందు నిలబడితేనే తెలుస్తుంది. ఇంకో సంగతి. 2015లో బోస్టన్ మ్యూజియం, ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే గీసిన ‘లా జపోనేజ్’ బొమ్మ ముందు సందర్శకులకు ఎర్ర కిమోనో తొడిగి ఫోటోలు తీసుకోనిచ్చింది. నిరసనలొచ్చాక తొడగడం ఆపేసింది. అది వేషం వేయించడం. నేనడిగేది చదివించడం.

వదిన: అయితే పక్కన అసలు బుగాకు వీడియో పెట్టు. నిమిషం ముక్క కాదు, ఒక నృత్యం మొత్తం.

మరదలు: పెడదాం. పట్టు ఎక్కువ వెలుతురుకు ఆగదు. వెలుతురు కొలతలో 50 లక్స్ దాటనివ్వం, కొన్ని నెలలకే చీకటి గదికి పంపేస్తాం. ఆ కొన్ని నెలలూ వీడియో ఆగకుండా నడుస్తుంది. లేబుల్ మీద మొదటి పేరు మాత్రం కరిన్‌స్కాదే. కుట్టింది ఆమె.

వదిన: ఉండనీ. 1959లో వచ్చిన ఆ నర్తకుల పేర్లు రెండో వరుసలో ఉండాలి. ‘జపాన్ ప్రేరణ’ అని రాసి వదిలేస్తే నా పిల్లలను తీసుకురాను.